ఆసుయంత్రం: ఆచరణీయ సాంకేతికత, నేత కుటుంబాల పేదరికం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పేద సమాజాల జీవనస్థితిని మెరుగుపరచడానికి చిన్న యంత్రాలు, స్థానిక పనిముట్లు ఉపకరిస్తాయన్న అభిప్రాయం ఒక శతాబ్ద కాలంగా చర్చలో ఉంది. అటువంటి యంత్రం శ్రమను తగ్గించినంత మాత్రాన పేదరికం తగ్గుతుందా అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం అంత తేలికైనది కాదు. పోచంపల్లి నేత ప్రాంతంలో చింతకింది మల్లేశం రూపొందించిన ఆసుయంత్రాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. ఆసుపోయడంలోని పని స్వభావం, అందులో స్త్రీల శ్రమ, యంత్ర నిర్మాణ క్రమం, యంత్రం తెచ్చిన మార్పు, దాని పరిమితులు, యాజమాన్య సమస్య అనే అంశాలను వరుసగా వివరిస్తుంది. శరీరశ్రమను తగ్గించడం యంత్రం వల్ల అయ్యే పని. మిగిలిన సమయాన్ని ఆదాయంగా మార్చడం యంత్రం చుట్టూ ఉన్న ఏర్పాట్ల వల్ల అయ్యే పని అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆసు, చిటికి, చేనేత, పోచంపల్లి, ఆచరణీయ సాంకేతికత, స్త్రీల శ్రమ, పేదరికం, యాజమాన్యం.

1. ఉపోద్ఘాతం:

తీరిక లేకుండా ఇటూ అటూ తిరిగే మనిషిని 'ఆసులో కండెలా తిరుగుతున్నాడు' అనడం తెలుగు జాతీయం. నేతపని తెలియని వారి నోట కూడా ఈ మాట వినిపిస్తుంది. నేత పరిభాషలో ఆసుపోయడమంటే పోగును మేకుల మీదుగా ఇటూ అటూ తిప్పి వరుసగా పేర్చడం. ప్రాంతాన్ని బట్టి, నేసే బట్టను బట్టి ఆ పని తీరు మారుతుంది. జాతీయంలో తిరిగేది కండె. పోచంపల్లి పట్టుచీర తయారీలో మాత్రం తిరిగేది ఒక స్త్రీ చేయి. ఒక చీరకు సరిపడే పోగును ఆసుపోయడానికి ఆ చేయి సుమారు 9,000 సార్లు ముందుకూ వెనక్కూ కదలాలి.

నల్లగొండ జిల్లా ఆలేరు మండలం (నేటి యాదాద్రి భువనగిరి జిల్లా) శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడుతున్న ఈ శ్రమను తొలగించాలన్న ఆలోచనతో ఒక యంత్రాన్ని రూపొందించారు. ఆ యంత్రానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. 2019లో ఆయన జీవితం ఆధారంగా 'మల్లేశం' చలనచిత్రం వచ్చింది. ఈ రెండింటి వల్ల యంత్రం కథ తెలుగునాట విస్తృత ప్రచారం పొందింది. అయితే ఆ ప్రచారమంతా ఎక్కువగా ఒక వ్యక్తి పట్టుదల చుట్టూ తిరిగింది. యంత్రం ఒక ఇంటి ఆర్థికస్థితిలో ఎక్కడ ప్రవేశించింది, అది చేయగలిగినదేమిటి, చేయలేనిదేమిటి అన్న విషయాలపై చర్చ అంతగా సాగలేదు. పేదరికం, సాంకేతికతల మధ్య సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండో చర్చ అవసరం.

2. ఆచరణీయ సాంకేతికత – కొలమానాలు:

పేదవాని ఇంటికి తగిన యంత్రం ఎలా ఉండాలన్న ప్రశ్నకు భారతదేశంలో స్పష్టమైన సమాధానం 1929లోనే రూపుదిద్దుకుంది. ఆ సంవత్సరం గాంధీజీ నాయకత్వంలోని అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నాన్ని రూపొందించిన వారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆ ప్రకటనలోని నిబంధనలు గమనించదగ్గవి. రాట్నం తేలికగా ఉండాలి, ఒకచోటి నుంచి మరొకచోటికి మోసుకుపోగలగాలి, గ్రామీణుల ఇంట్లో చేతితోనో కాలితోనో నడవాలి. ఒక స్త్రీ ఎక్కువ ప్రయాస లేకుండా ఎనిమిది గంటలు దానిపై పనిచేయగలగాలి. ధర 150 రూపాయలకు మించకూడదు. కనీసం 20 ఏళ్లు మన్నాలి. ఏటా మరమ్మతుకయ్యే ఖర్చు ధరలో 5 శాతం దాటకూడదు. ఈ నిబంధనలన్నింటినీ తృప్తిపరచిన యంత్రం రాకపోవడంతో బహుమతి ఎవరికీ దక్కలేదు. బహుమతి దక్కకపోయినా ఆ నిబంధనలు ఒక కొలబద్దగా నిలిచాయి. యంత్రం గురించి చెబుతూ అవి మొదట చూసింది దాన్ని నడిపే స్త్రీ శరీరాన్ని, ఆ తర్వాత ఆ ఇంటి ఖర్చును.

ఆర్థికవేత్త ఇ. ఎఫ్. షూమాకర్ ఇదే విషయాన్ని మరొక విధంగా సిద్ధాంతీకరించారు. పేద దేశాల్లోని సంప్రదాయ పనిముట్టును ఒక పౌండు సాంకేతికతగా, సంపన్న దేశాల యంత్రాన్ని వెయ్యి పౌండ్ల సాంకేతికతగా ఊహిస్తే, పేద సమాజాలకు కావలసింది ఆ రెండింటి నడుమ నూరు పౌండ్ల సాంకేతికత అని ఆయన వాదించారు. దీనినే మధ్యస్థ సాంకేతికత అన్నారు. వెయ్యి పౌండ్ల యంత్రం ఊళ్లోకి వస్తే ఒక పౌండు పనిముట్టుతో బతికే వారి ఉపాధి పోతుందన్నది ఆయన హెచ్చరిక. 1966లో లండన్‌లో ఈ ఆశయంతో ఒక సంస్థ ఏర్పడింది. 1973లో 'స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్' గ్రంథం వెలువడింది. ఆ మరుసటి సంవత్సరమే, 1974లో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య అమూల్య రెడ్డి చొరవతో గ్రామీణ ప్రాంతాలకు తగిన సాంకేతికతల కోసం 'ఆస్ట్ర' అనే విభాగం ప్రారంభమైంది.

ఈ ఆలోచనల నుంచి ఆచరణీయ సాంకేతికతకు నాలుగు కొలమానాలను గ్రహించవచ్చు. మొదటిది, అది శరీరశ్రమను తగ్గించాలి. రెండోది, దాని ధర వాడేవారికి అందుబాటులో ఉండాలి. మూడోది, దాని మరమ్మతు స్థానికంగా జరగాలి. నాలుగోది, అది వాడేవారి వృత్తిని నిలబెట్టాలి, తొలగించకూడదు. ఆసుయంత్రాన్ని ఈ నాలుగింటితో పరిశీలించే ముందు, అది ఏ పనికి బదులుగా వచ్చిందో తెలుసుకోవాలి.

3. ఆసుపోయడం – పని, శ్రమ:

పోచంపల్లి వస్త్రాల ప్రత్యేకత చిటికి పద్ధతిలో ఉంది. నేసిన బట్టకు రంగు అద్దడం ఇందులో ఉండదు. నేయడానికి ముందే పోగుకు రంగు వేస్తారు. నమూనాలో ఎక్కడ రంగు పట్టకూడదో అక్కడ పోగును గట్టిగా చుట్టి కడతారు. ఇందుకు పాత సైకిలు ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పట్టీలను వాడతారు. కట్టిన పోగును రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పుతారు. మరో రంగు కావాలంటే మరోసారి కట్టాలి. చివరకు ఆ పోగును కండెలకు చుట్టి నేసినప్పుడు బట్టమీద బొమ్మ తేలుతుంది. పోగుపోగుకూ రంగు కొద్దిగా అటూ ఇటూ జరగడం వల్ల బొమ్మ అంచులు మసకబారినట్లు కనిపిస్తాయి. ఆ మసకే ఈ నేతకు గుర్తు. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది.

పేక పోగుకు ఇలా కట్లు కట్టాలంటే, బట్ట వెడల్పును బట్టి ఆ పోగును ముందుగా క్రమంలో పరచాలి. ఇందుకు వాడే చట్రంలో ఒకవైపు ఒక కేంద్రం, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో బిగించిన మేకులు ఉంటాయి. పోగును కేంద్రం నుంచి ఒక మేకు వద్దకు తీసుకుపోయి, మేకు చుట్టూ తిప్పి, మళ్లీ కేంద్రం వద్దకు తేవాలి. ఒక్కొక్క మేకుపై నిర్ణీత సంఖ్యలో చుట్లు పూర్తయ్యాక పక్క మేకుకు జరగాలి. ఈ పనే ఆసుపోయడం. చుట్ల లెక్క ఎక్కడైనా తప్పితే ఆ తప్పు అప్పుడు కనిపించదు. కట్లు కట్టి, రంగు వేసి, మగ్గం మీదికి ఎక్కించాక బొమ్మ చెదిరినప్పుడు తెలుస్తుంది. అందువల్ల ఈ పనిలో చేతి శ్రమ ఎంతో మనసు బిగువు అంత.

చేయి కదిలే దూరం ఒక్కొక్కసారి దాదాపు మీటరు. 9,000 కదలికలంటే ఒక చీర ఆసుకు చేయి సుమారు తొమ్మిది కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. రోజుకు రెండు చీరల ఆసుపోస్తే 18,000 కదలికలు. ఒక చీరకు నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఒకే భుజం, ఒకే మోచేయి, ఒకే వైపు చూపు. భుజంనొప్పి, కంటి అలసట ఈ పనికి వెన్నంటి వచ్చేవి. ఏళ్ల తరబడి చేసిన వారికి చేయి ఎత్తడమే కష్టమవుతుంది. తన తల్లి ఇక ఆసు పోయలేనన్న స్థితికి రావడమే మల్లేశం ప్రయత్నానికి కారణమైంది.

నేత ఇంట్లో పని పంపకం కూడా ఇక్కడ గమనించాలి. మగ్గం మీద కూర్చునేది చాలా ఇళ్లలో పురుషుడు. ఆసుపోయడం, కండెలు చుట్టడం వంటి మగ్గానికి ముందు పనులు ఎక్కువగా స్త్రీలవి. నాలుగో అఖిల భారత చేనేత గణన (2019-20) ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనుల్లో ఉన్నవారు 35 లక్షలకు పైగా. వారిలో 25 లక్షలకు పైగా స్త్రీలే. అదే గణన ప్రకారం నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతుల వారి నెలసరి ఆదాయం 5,000 రూపాయల లోపే. కూలి ముట్టేది నేసిన చీరకు లేదా పడుగుకు లెక్కగట్టి. ఇంటి స్త్రీ పోసిన ఆసుకు విడిగా లెక్క ఉండదు. ఆ శ్రమ చీర కూలిలో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. ఆమె వంట, పిల్లల పని మధ్య చేసే తొమ్మిది వేల కదలికలు ఏ ఖాతాలోనూ నమోదు కావు.

4. యంత్ర నిర్మాణ క్రమం:

మల్లేశం ప్రాథమికోన్నత స్థాయిలోనే చదువు మానవలసి వచ్చింది. యంత్రాల గురించి శిక్షణ లేదు. 1992లో ఆయన ఆసుయంత్రం పని మొదలుపెట్టారు. చేతి పనిని విడదీసి చూస్తే అందులో మూడు కదలికలు ఉన్నాయి. కేంద్రానికీ మేకులకూ మధ్య ముందువెనుకల ప్రయాణం ఒకటి. మేకు చుట్టూ పోగును మలపడం రెండోది. చుట్ల లెక్క పూర్తి కాగానే పక్క మేకుకు జరగడం మూడోది. మనిషి చేయి ఈ మూడింటినీ ఆలోచన లేకుండానే కలిపి చేస్తుంది. యంత్రానికి వాటిని విడివిడిగా నేర్పి, మళ్లీ ఒకదానితో ఒకటి పొందించాలి. ఆయన కూడా దశలవారీగా, ఒక కదలిక సాధించాక మరో కదలిక కోసం ప్రయత్నించారు. సంపాదించినదీ అప్పు తెచ్చినదీ విడిభాగాలకు ఖర్చయింది. ఊళ్లో ఎగతాళి ఎదురైంది.

పని మధ్యలో ఆగిపోయి, ఉపాధి కోసం హైదరాబాదు చేరారు. అక్కడ విద్యుత్ పనులు చేసేవారు. 1999లో బాలానగర్‌లోని ఒక పరిశ్రమలో పనికి వెళ్లినప్పుడు అక్కడి యంత్రంలో ఒక భాగం కదిలే తీరు ఆయన కంటబడింది. ఏళ్లుగా అందకుండా ఉన్న కదలికకు దారి అక్కడ దొరికింది. ఆ ఏడాదే యంత్రం పూర్తయింది. ఇక్కడ ఒక విషయం స్పష్టం. నేతపని లోపలి నుంచి తెలిసిన మనిషికి పట్టణ పరిశ్రమలోని యంత్రజ్ఞానం తోడుకావడం వల్లనే ఇది సాధ్యమైంది. బాలానగర్‌లో ఆ యంత్రాన్ని రోజూ చూసేవారికి ఆసు తెలియదు. ఆసు తెలిసిన స్త్రీలకు బాలానగర్ తెలియదు. ఈ రెండు లోకాలకు మధ్య దారి లేకపోవడమే గ్రామీణ వృత్తుల్లో సాంకేతిక మార్పు ఆలస్యం కావడానికి ప్రధాన కారణాల్లో ఒకటి.

గ్రామీణ ఆవిష్కర్తలను వెతికి వెలుగులోకి తెచ్చే పల్లెసృజన సంస్థ, జాతీయ ఆవిష్కరణల సంస్థ ఈ యంత్రాన్ని గుర్తించాయి. 2009లో జాతీయ స్థాయి పురస్కారం వచ్చింది. తర్వాతి నమూనాలకు ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా చేర్చారు. ఆ తర్వాత వందల సంఖ్యలో యంత్రాలు నేత గ్రామాలకు చేరాయి.

5. యంత్రం తెచ్చిన మార్పు:

చేతితో నాలుగు నుంచి ఆరు గంటలు పట్టే ఒక చీర ఆసును యంత్రం సుమారు గంటన్నరలో పూర్తిచేస్తుంది. ఆ గంటన్నర కూడా మనిషి చేయి అంటనక్కర లేదు. పోగు తెగినప్పుడు, కొత్త కండె పెట్టవలసినప్పుడు చూసుకుంటే చాలు. ముందు చెప్పిన కొలమానాల్లో మొదటిది, అంటే శరీరశ్రమను తగ్గించడం, ఇక్కడ పూర్తిగా నెరవేరింది. ఇది చిన్న విషయం కాదు. భుజం పోయిన స్త్రీ ఇంటిపనికీ దూరమవుతుంది, వైద్యానికి ఖర్చవుతుంది, ఆమె చేసే ఆసును కూలికి పోయించవలసి వస్తుంది. శరీరం కాపాడబడడం పేద ఇంటికి ఆస్తి కాపాడబడడంతో సమానం.

రెండో కొలమానం ధర. తొలి సంవత్సరాల్లో పదివేల రూపాయలు దాటిన యంత్రం ధర తర్వాతి కాలంలో ఇరవై వేలు దాటింది. పరిశ్రమల్లో వాడే యంత్రాలతో పోలిస్తే ఇది స్వల్పం. నెలకు 5,000 రూపాయలు రాని ఇంటికి మాత్రం అది నాలుగైదు నెలల సంపాదన. అంటే అప్పు లేకుండా కొనలేని వస్తువు. మూడో కొలమానమైన మరమ్మతు విషయంలో యంత్రం మంచి స్థితిలో ఉంది. తయారీ నేత ప్రాంతంలోనే జరగడం, తయారుచేసిన వ్యక్తి ఆ వృత్తి కుటుంబానికే చెందడం వల్ల విడిభాగానికి దూరం పోనవసరం లేదు.

నాలుగో కొలమానం మరింత ముఖ్యమైనది. 1985 నాటి చేనేత రక్షణ చట్టం ప్రకారం మరమగ్గం కాని మగ్గమే చేనేత మగ్గం. ఆసుయంత్రం విద్యుత్తుతో నడిచినా అది మగ్గం కాదు, మగ్గానికి ముందు జరిగే పని. దానివల్ల వచ్చే చీర చేనేత చీరగానే నిలుస్తుంది. చిటికి కట్టే చేయి, రంగు కలిపే చేయి, నేసే చేయి యథాతథంగా ఉంటాయి. మరమగ్గం వస్తే మగ్గం మీది మనిషి లేవవలసి వస్తుంది. ఆసుయంత్రం వచ్చినప్పుడు అలా జరగలేదు. షూమాకర్ చెప్పిన నూరు పౌండ్ల సాంకేతికతకు తెలుగునేల మీద ఇంతకంటె సరైన ఉదాహరణ దొరకడం కష్టం.

6. యంత్రం మార్చలేనివి:

శ్రమ తగ్గింది. పేదరికం తగ్గిందా? ఇక్కడ ఒక సాధారణ లెక్క వేయాలి. ఒక చీర ఆసు గంటల్లో అయ్యే పని. అదే చీరను నేయడం రోజుల పని. ఇంట్లో ఉన్నది ఒక మగ్గమే అయితే ఆసు ఎంత త్వరగా పూర్తయినా మగ్గం మీది నుంచి దిగే చీరల సంఖ్య పెద్దగా పెరగదు. నేత వేగమే అక్కడ హద్దు. కాబట్టి ఒక మగ్గం ఉన్న ఇల్లు యంత్రం కొంటే ఆ ఇంటి స్త్రీకి విశ్రాంతి దొరుకుతుంది, కాని ఆదాయం దానంతట అది పెరగదు. పైగా అప్పు తీర్చవలసి వస్తుంది.

ఆదాయం పెరగాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, మిగిలిన సమయంలో ఆ స్త్రీ కూడా మగ్గం ఎక్కడం లేదా చిటికి కట్టడం. ఇందుకు మరో మగ్గం, దానికి చోటు, పట్టు కొనడానికి పెట్టుబడి కావాలి. రెండోది, ఇరుగుపొరుగు మగ్గాలకు కూలికి ఆసుపోయడం. యంత్రం కొన్న పలువురు ఈ రెండో దారి పట్టారు. అప్పుడు యంత్రమే ఒక చిన్న వ్యాపారమవుతుంది.

ఈ రెండో దారిలో మరొక ప్రశ్న దాగి ఉంది. అంతకుముందు ఇతరుల మగ్గాలకు చేతితో ఆసుపోసి నాలుగు డబ్బులు తెచ్చుకునే స్త్రీలు ఉన్నారు. వారిలో వయసు మీరినవారు, మగ్గం లేనివారు, ఒంటరివారు ఉంటారు. పక్కింట్లో యంత్రం వస్తే వారి చేతికి పని తగ్గుతుంది. సొంత ఇంటికి ఆసుపోసే స్త్రీకి యంత్రం విముక్తి. కూలికి ఆసుపోసే స్త్రీకి అదే యంత్రం పోటీదారు. రెండింటినీ ఒకే మాటతో 'ప్రయోజనం' అని లెక్కవేయడం సరికాదు. శ్రమ తగ్గింపును గురించిన చర్చలన్నీ ఈ తేడాను గుర్తించవలసి ఉంది.

ఇక చీర ధర యంత్రం చేతిలో లేదు. పట్టు ధర పెరిగినప్పుడు, మిల్లు బట్టపై చిటికి బొమ్మను అచ్చువేసి తక్కువ ధరకు అమ్మినప్పుడు నేతకారునికి దక్కే వాటా కుంగిపోతుంది. పెట్టుబడి పెట్టే ఆసామి నూలు ఇచ్చి, చీర తీసుకొని, కూలి నిర్ణయించే పద్ధతిలో ఆసు తేలికైందన్న మాట కూలి తగ్గించడానికి సాకుగా మారే అవకాశమూ ఉంది. ఆసుకు ఇంతని విడిగా కూలి లేకపోవడం వల్ల ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కనిపించని శ్రమను తగ్గించినప్పుడు ఆ తగ్గిన భాగం ఎవరికి చేరిందో కూడా కనిపించదు.

7. యాజమాన్యం – ఒక పోలిక:

పేదరికంపై ప్రభావం చూపిన చిన్న యంత్రాల్లో బంగ్లాదేశ్‌లోని తొక్కుడు పంపు ప్రసిద్ధం. నార్వేకు చెందిన ఇంజనీరు గున్నార్ బార్న్స్ ఆ దేశపు ఉత్తర జిల్లాల్లో పనిచేస్తూ దీనిని రూపొందించారు. మెట్లెక్కుతున్నట్లుగా రెండు వెదురు బద్దలను మార్చి మార్చి తొక్కితే భూమిలో తక్కువ లోతున ఉన్న నీరు పైకి వస్తుంది. డీజిలు అక్కర లేదు. ఊళ్లోని చిన్న కర్మాగారాల్లోనే తయారైంది. పది లక్షలకు పైగా పంపులు రైతులకు చేరాయి. వానాకాలపు పంటకే పరిమితమైన చిన్న రైతు ఎండాకాలంలో కూడా కూరగాయలు, వరి పండించి అమ్ముకోగలిగాడు.

ఈ రెండు యంత్రాల మధ్య ఒక మౌలికమైన తేడా ఉంది. తొక్కుడు పంపు లేని నీటిని తెచ్చింది. అంటే పంటను, అమ్మకానికి సరుకును కొత్తగా సృష్టించింది. ఆసుయంత్రం ఉన్న పనిలోని కష్టాన్ని తీసివేసింది. మొదటిది నేరుగా ఆదాయం వైపు నడిచింది. రెండోది ఆరోగ్యం, సమయం అనే మెట్ల మీదుగా ఆదాయం వైపు నడవాలి. మరొక తేడా కూడా గమనించాలి. తొక్కుడు పంపు ఒక్క రైతు పొలానికే సరిపోతుంది, కాబట్టి ఎవరి పంపు వారికి ఉండడం సహజం. ఆసుయంత్రం సామర్థ్యం మాత్రం ఒక మగ్గం అవసరాన్ని మించినది. అది కొన్ని ఇళ్లకు కలిపి సరిపోయే యంత్రం.

అందువల్ల ఆసుయంత్రాన్ని ఇంటికొకటిగా పంచడం కంటె నాలుగైదు మగ్గాల ఇళ్లు కలిసి వాడుకొనే ఏర్పాటు దాని స్వభావానికి దగ్గరగా ఉంటుంది. స్త్రీల పొదుపు సంఘాలు, చేనేత సహకార సంఘాలు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికే ఉన్నాయి. అటువంటి సంఘం యాజమాన్యంలో యంత్రం ఉంటే మూడు ప్రయోజనాలు కలుగుతాయి. ఒక్కో ఇంటిపై పడే అప్పుభారం తగ్గుతుంది. ఇంతకాలం కూలికి ఆసుపోసిన స్త్రీలే యంత్రాన్ని నడిపేవారుగా మారవచ్చు. నేర్పు వారిదే కాబట్టి పోగు తెగినా, లెక్క తప్పినా ముందుగా పసిగట్టగలిగేదీ వారే. మూడోది, ఆసుకు ఒక ధర ఏర్పడుతుంది. చీర కూలిలో కలిసిపోయి కనిపించకుండా ఉన్న పనికి మొదటిసారిగా అంకె దొరుకుతుంది. అంకె దొరికిన పనికి బేరం చేయడం సాధ్యమవుతుంది.

8. ముగింపు:

1. ఆసుయంత్రం ఆచరణీయ సాంకేతికతకు ఉండవలసిన లక్షణాల్లో శ్రమ తగ్గింపు, స్థానిక మరమ్మతు, వృత్తిరక్షణ అనే మూడింటిని చాలావరకు తృప్తిపరుస్తుంది. ధర విషయంలో పేద ఇంటికి అది ఇంకా భారమే.

2. ఈ యంత్రం ప్రధానంగా స్త్రీల శరీరశ్రమను తగ్గించింది. లెక్కలోకి రాని శ్రమ కావడం వల్ల ఆ తగ్గింపు విలువ కూడా లెక్కలోకి రాకుండా పోయే ప్రమాదం ఉంది.

3. ఆసు వేగం పెరిగినా నేత వేగం పెరగదు కాబట్టి ఒక మగ్గం ఉన్న ఇంట్లో యంత్రం వల్ల ఆదాయం దానంతట అది పెరగదు. మిగిలిన సమయాన్ని సంపాదనగా మార్చే పెట్టుబడి, పని, అంగడి ఉన్నప్పుడే పేదరికంపై దాని ప్రభావం కనిపిస్తుంది.

4. సొంత ఇంటి ఆసుపోసే స్త్రీ, కూలికి ఆసుపోసే స్త్రీ అనే ఇద్దరిపై యంత్రం ప్రభావం ఒకటి కాదు. సాంకేతికతను ప్రవేశపెట్టే పథకాలు ఈ ఇద్దరినీ విడివిడిగా పరిగణించాలి.

5. యంత్రం సామర్థ్యాన్ని బట్టి చూస్తే ఉమ్మడి యాజమాన్యం దానికి తగినది. ఆసుకు విడిగా కూలి నిర్ణయించడం అందులో మొదటి మెట్టు.

తన తల్లి భుజంనొప్పి ఒక కుమారునికి ఏడేళ్ల పనిగా మారింది. ఆ పని ఫలితం వందల ఇళ్లకు చేరింది. ఆ ఇళ్లలో తిరిగే చేయి ఆగింది. ఆగిన ఆ చేతికి దొరికిన గంటలు ఎవరివన్నది ఇక యంత్రం తేల్చే విషయం కాదు. నేత కుటుంబాలు, సంఘాలు, ప్రభుత్వాలు కలిసి తేల్చవలసిన విషయం. చేనేతపై పరిశోధన చేసేవారు నమూనాలు, రంగులు, మగ్గాల సంఖ్యలతో పాటు ఆ గంటలను కూడా లెక్కించగలిగితే, పేదరికాన్ని తగ్గించే సాంకేతికతపై తెలుగులో జరిగే చర్చకు గట్టి ఆధారం ఏర్పడుతుంది.